లండన్ బస్సు నేర్పిన పాఠం

బిడ్డ చదువు పూర్తయ్యాక ఎండన పడి తిరగనక్కరలేని, నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం దొరకాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. ఆ కోరిక సహజమే. అయితే శరీరం కదలని ఉపాధికి గుండె ఎంత మూల్యం చెల్లిస్తుందో లెక్కకట్టి చూపిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయన పేరు జెరెమీ మారిస్. ఆయన పరిశోధనా జీవితం మన కుటుంబాలకు ఉపయోగపడుతుందని తలచి, ఆ వివరాలను పాఠకుల ముందుంచుతున్నాము.

మారిస్ 1910లో లివర్‌పూల్‌లో జన్మించి గ్లాస్గోలో పెరిగారు. వైద్యవిద్య అభ్యసించి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వైద్యునిగా భారతదేశంలోనూ బర్మాలోనూ పనిచేశారు. 1948లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలివారి సామాజిక వైద్య విభాగానికి సంచాలకులయ్యారు. ఆ రోజులలో అక్కడ నడివయసు పురుషులలో గుండెపోటు మరణాలు పెరుగుతూ ఉండేవి. కారణం మాత్రం స్పష్టంగా తెలియదు. చేసే పనికీ గుండెకూ సంబంధముందేమోనని మారిస్ బృందం వేర్వేరు వృత్తులవారి వివరాలు సేకరించసాగింది.

ఒకే బస్సు, ఇద్దరు మనుషులు

ఒకప్పుడు హైదరాబాదు వీధులలో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. లండన్ నగర రవాణాలో అటువంటి బస్సులదే పెద్ద పాత్ర. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే వీధులలో, ఒకే సంస్థ కొలువులో ఉండేవారు. కాని డ్రైవరు పనివేళలో దాదాపు తొంభై శాతం కూర్చునే గడిపేవాడు. కండక్టరు టికెట్లు ఇస్తూ పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరుగుతూ, రోజుకు 500 నుండి 750 మెట్లు ఎక్కేవాడు.

లండన్ రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది పురుషులపై జరిగిన ఈ అధ్యయనం 1953లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. డ్రైవర్లకంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినవారిలోనూ అది ఆలస్యంగా వచ్చింది, అంత ప్రాణాంతకంగా పరిణమించలేదు. కాలినడకనో సైకిలుపైనో ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగులను, కూర్చుని పనిచేసే గుమాస్తాలతోనూ టెలిఫోన్ ఉద్యోగులతోనూ పోల్చగా అదే ఫలితం వచ్చింది.

తన ఫలితాన్ని తానే శంకించి

మారిస్ ఆ ఫలితంతో తృప్తిపడి ఊరుకోలేదు. స్థూలకాయులే డ్రైవరు పనిలో చేరుతున్నారేమో, అప్పుడు తేడాకు కారణం పని కాదు కదా అని తన నిర్ణయాన్ని తానే ప్రశ్నించుకున్నారు. సంస్థ ఉద్యోగులకిచ్చే యూనిఫారాల కొలతలు తెప్పించి చూశారు. అనుమానం కొంతవరకు నిజమే అయింది. చిన్న వయసులోనే డ్రైవర్ల నడుము కొలత కండక్టర్లకంటే ఎక్కువగా ఉంది. ఆ సంగతిని ఆయన దాచలేదు, 1956లో స్వయంగా ప్రకటించారు. అయితే సన్నవారిని సన్నవారితో, లావువారిని లావువారితో పోల్చినా కండక్టర్లదే పైచేయిగా నిలిచింది.

అయినా సందేహం పూర్తిగా తీరలేదు. అందుచేత అందరూ కూర్చునే పనిచేసే ప్రభుత్వోద్యోగులను ఎంచుకున్నారు. శుక్ర, శనివారాలలో తాము చేసిన పనులన్నిటినీ సోమవారం ఉదయం వారిచేత రాయించారు. దాదాపు 18,000 మందిని ఏళ్ల తరబడి గమనించి, 1980లో ఫలితం ప్రకటించారు. తీరికవేళల్లో శ్రమతో కూడిన వ్యాయామం చేసేవారిలో 3.1 శాతం మందికి గుండెజబ్బు రాగా, చేయనివారిలో 6.9 శాతం మందికి వచ్చింది. కుర్చీ ఉద్యోగం తెచ్చే నష్టాన్ని తీరికవేళ కొంత పూడ్చుకోవచ్చునన్నమాట.

1990లో వెలువడిన మరొక అధ్యయనం రెండు విషయాలు తేల్చింది. వేగంగా నడిచేవారికి రక్షణ ఉంది. కాని యౌవనంలో ఎంత ఆడినా, తరువాత మానివేసినవారికి ఆ రక్షణ లేదు. వ్యాయామం బ్యాంకులో దాచి, ముసలితనంలో తీసుకుని వాడుకునే సొమ్ము కాదు.

మన ఇండ్లకు అన్వయం

మారిస్ పరిశీలించినది పురుషులనే. తరువాత అమెరికాలో నర్సులపై జరిగిన సుదీర్ఘ అధ్యయనం, వేగంగా నడిచే స్త్రీలలోనూ గుండెజబ్బు తక్కువేనని నిరూపించింది. కనుక ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం. కుట్టుమిషను ముందు, దుకాణం గల్లాపెట్టె వద్ద, ఆటో హ్యాండిలు వెనుక రోజంతా గడిపేవారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. పాఠం చెబుతూ గంటల తరబడి కూర్చునే మా వంటి బోధకులదీ అదే స్థితి. ఇటువంటివారు పని మానుకోలేరు. కాని దగ్గరి దూరాలకు బండి తీయకుండా నడవగలరు, లిఫ్టు ఉన్నచోట మెట్లు ఎక్కగలరు. ఇల్లాలు నడకకు వెళ్లివచ్చేలోగా ఇంటిపనిని తక్కినవారు అందుకోగలరు. ఇప్పటికే గుండెజబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని సలహాతోనే మొదలుపెట్టాలి.

మారిస్ తాను చెప్పినది ఆచరించారు. వీధిలో పరుగెత్తేవారిని జనం వింతగా చూసే రోజులలోనే ఆయన లండన్‌లో ఉదయపు పరుగు మొదలుపెట్టారు. 1996లో ఒలింపిక్ సంఘంవారి క్రీడాశాస్త్ర పురస్కారాన్ని మరొకరితో కలిసి అందుకున్నారు. 2009లో, తమ తొంభైతొమ్మిదవ ఏట కన్నుమూశారు.

బిడ్డలకు నీడపట్టు ఉద్యోగం కోరుకోవడంలో తప్పులేదు. దానితోపాటు రోజూ కొంత దూరం నడిచే అలవాటును కూడా వారికి ఇచ్చి పంపుదాం.