రెండవసారి దరఖాస్తు

అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు కావాలంటే డిగ్రీ తరువాత సుమారు మూడేళ్ళు డాక్టరు పట్టానికి చదవాలి. మొదటిసారి సీటు రానివారు పగలు ఉద్యోగం చేసుకుంటూ మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నిస్తారు. చేతిలో ఉన్నవి సాయంకాలాలే కనుక అన్నీ బాగుచేద్దామనుకోవడం వృథా ప్రయాస.

లెక్క చూడండి. ఒక అమ్మాయికి 120 క్రెడిట్ల మీద సగటు నాలుగుకు 3.0 అనుకుందాం. నాలుగు క్రెడిట్ల పాఠం ఒకటి మళ్ళీ చదివి 'ఏ' తెచ్చుకుంటే అది 3.03 అవుతుంది, అంతే! దరఖాస్తులు స్వీకరించే పీటీకాస్ పాత గ్రేడును చెరపదు మరి. రెంటినీ కలిపే లెక్కకడుతుంది. సైన్సు సగటు సంగతి వేరు. అది 40 క్రెడిట్ల మీద 2.9 ఉంటే, శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం రాత్రి తరగతుల్లో తిరిగి చదివి రెండింటా 'ఏ' తెచ్చుకుంటే 3.08. మూడు దాటింది! ఆ మూడే హద్దుగా పెట్టుకున్న కళాశాలలు అనేకం.

ఉద్యోగమూ కలిసిరావాలి. థెరపీ క్లినిక్కులో సహాయకురాలి పనికి లైసెన్సు అక్కరలేదు. తువాళ్ళు మడతపెట్టాలి, బల్లలు తుడవాలి; జీతం స్వల్పమే. కాని మోకాలి ఆపరేషనైన ముసలాయన మళ్ళీ నడక నేర్వడం దగ్గరుండి చూడవచ్చు. ఏడాదిపాటు తన పని చూసిన థెరపిస్టు వ్రాసే సిఫార్సు ఉత్తరానికి బరువు ఎక్కువ. సెలవు రోజుల్లో ఆస్పత్రి వార్డు కూడా చూసి రావాలి.

వీటన్నిటికంటే ముందు, కాదన్న కళాశాలకే వ్రాసి కారణం అడగాలి. అభిమానపడి చాలామంది అడగరు. కొన్ని కళాశాలలు చెబుతాయి కూడా. దరఖాస్తులు జూన్ నెలలో మొదలవుతాయి. కొన్నిచోట్ల సీట్లు ముందు వచ్చినవారితోనే నిండిపోతాయి.