వచ్చిన సీటులో చేరాలా? ఇంకో ఏడాది ఆగాలా?

నీట్ కౌన్సెలింగ్ నెలల్లో భివండీ పద్మానగర్‌లోని కొన్ని ఇళ్లలో రాత్రి నిద్ర ఉండదు. సాంచెల చప్పుడు ఆ ఊరికి పుట్టుకతో అలవాటే, కారణం అది కాదు. పిల్లకో పిల్లాడికో ఫోన్‌లో సీటు కేటాయింపు వచ్చి ఉంటుంది. కోరుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి. కొద్ది రోజుల్లో కాలేజీకి వెళ్లి చేరాలి, లేదంటే వదులుకోవాలి. తండ్రి పన్నెండు గంటల పాళీ చేసి వచ్చి కూర్చుంటాడు. "నాకేం ఎరుక బిడ్డా, మీ సార్‌నే అడుగు" అంటాడు. ఆ సార్ పదో తరగతి దాకా తెలుగులో చదువు చెప్పిన సారు. అందుకే ఈ ప్రశ్న చివరికి మన బడుల దాకా వస్తుంది. జవాబు చెప్పేందుకు మన ఉపాధ్యాయులు సిద్ధంగా ఉండాలి.

ముందు ఒక అపోహ తీసేయాలి. నీట్‌లో అర్హత రావడం వేరు, సీటు రావడం వేరు. 2025లో 22 లక్షల మందికి పైగా పరీక్ష రాస్తే 12 లక్షల మందికి పైగా అర్హత పొందారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా పాతిక వేలు. వాటిలో ప్రభుత్వ కాలేజీలవి దాదాపు సగం. "మా పిల్ల క్వాలిఫై అయింది" అని మిఠాయి పంచిన ఇంట్లోనే రెండు నెలల తర్వాత మౌనం ఎందుకు కమ్ముకుంటుందో ఈ లెక్కలు చెబుతాయి.

ఇక అసలు విషయం. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు వస్తే, అది గడ్చిరోలిలో ఉన్నా నందుర్బార్‌లో ఉన్నా, కళ్లకద్దుకుని చేరాలని నా అభిప్రాయం. కేఈఎం, జేజే, సయన్, నాయర్ పేర్లు మన వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. జబ్బు చేస్తే వెళ్లే చోట్లు అవి, అక్కడే చదవాలన్న కోరిక సహజం. కానీ కేఈఎం రాలేదని చేతిలో ఉన్న ప్రభుత్వ సీటు వదిలి ఏడాది ఆగడం పందెం కాయడమే. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అన్ని చోట్లా ఒకటే, పట్టా ఒకటే. తర్వాత పీజీ పరీక్షలో ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. మహారాష్ట్రలో 2024లో ఒకేసారి పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. అందులో ఒకటి మన జిల్లాలోనే, అంబర్‌నాథ్‌లో ఉంది. కొత్త కాలేజీ అంటే అధ్యాపకుల కొరత, పూర్తికాని భవనాలు ఉండొచ్చు. ఆ భయం తీసిపారేసేది కాదు. అయినా ఏటా మారే కటాఫ్ కంటే కొత్త కాలేజీయే నమ్మదగింది. చదువయ్యాక ఏడాది పాటు ప్రభుత్వ సేవ చేయాలనే బాండ్ ఉంటుంది, చేయకపోతే 10 లక్షలు కట్టాలి. దీన్ని శిక్షగా చూడకండి. జీతం తీసుకుంటూ పని నేర్చుకునే ఏడాది అది.

ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చిందంటే చాలా ఇళ్లలో మాట అక్కడితో ఆగిపోతుంది, ఫీజు వినగానే. ఆడపిల్ల అయితే ఆగనక్కరలేదు. 2024 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఎస్‌ఈబీసీ, ఈడబ్ల్యూఎస్ అమ్మాయిలకు వృత్తి విద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ. రాష్ట్ర సీఈటీ సెల్ కేంద్రీకృత ప్రవేశాల ద్వారా వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, డీమ్డ్ యూనివర్సిటీలకు ఉండదు. హాస్టలు, భోజనం, ఇతర రుసుములు మనమే భరించాలి. అయినా నేత కార్మికుడి కూతురు ప్రైవేటు వైద్య కళాశాలలో చదవగల రోజు వచ్చింది. సంగతి తెలియక సీటు వదిలేస్తే అంతకన్నా బాధ ఉండదు.

ఇల్లు నిజంగా నలిగిపోయేది బీడీఎస్‌లోనో బీఏఎంఎస్‌లోనో సీటు వచ్చినప్పుడు. దంత వైద్యం, ఆయుర్వేదం తక్కువ చదువులు కావు. పిల్లకు ఇష్టముంటే సంతోషంగా చేరొచ్చు. "ముందు చేరతా, లోపల మళ్లీ నీట్ రాస్తా" అన్నప్పుడు మాత్రం పెద్దలు ఆలోచించాలి. శరీర నిర్మాణ శాస్త్రం ఒక చేత్తో, ఇంటర్ ఫిజిక్స్ ఇంకో చేత్తో పట్టుకుని ఈదగలిగే పిల్లలు తక్కువ. పైగా గడువు దాటాక సీటు వదిలితే జరిమానాలుంటాయి, ఖాళీ చేసిన సీటు ఇంకొకరికి అందకుండా పోతుంది.

కౌన్సెలింగ్ నియమాల్లో ఒక మెలిక ఉంది. అఖిల భారత కోటా సీట్లను భర్తీ చేసే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, మొదటి విడతలో వచ్చిన సీటు వద్దంటే ఏమీ అనదు. రెండో విడతలో డిపాజిట్ పోతుంది. చివరి స్ట్రే విడతలో సీటు వచ్చీ చేరకపోతే మరుసటి ఏడాది నీట్ రాయకుండా నిషేధిస్తారు. ఏమైనా మళ్లీ రాద్దామనే ఉద్దేశంతో ఉన్న పిల్లాడు, ఊరికే చూద్దామని చివరి విడతలో ఆప్షన్లు పెడితే ఆ 'మళ్లీ' కూడా పోతుందన్నమాట. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో 'స్టేటస్ రిటెన్షన్' అనే ఫారం నింపితే ఉన్న సీటే ఖాయం, తర్వాతి విడతల్లో మెరుగైనది రాదు. నియమాలను ఏటా సవరిస్తుంటారు కాబట్టి ఆ ఏటి బులెటిన్ చదవాల్సిందే. ఇంగ్లిషు చదవగలిగిన ఉపాధ్యాయులు ఒక సాయంత్రం కూర్చుని నలుగురు తల్లిదండ్రులకు తెలుగులో వివరిస్తే ఎన్నో కోచింగ్ క్లాసులకు సాటి.

మరి ఎవరు మళ్లీ రాయాలి? మార్కులు ఎందుకు తగ్గాయో వేలు పెట్టి చూపగలిగినవారు. మన బడుల పిల్లల విషయంలో ఆ కారణం తరచూ కళ్లెదుటే ఉంటుంది. పదో తరగతి దాకా 'కిరణజన్య సంయోగక్రియ' అని చదివిన పిల్ల పదకొండులో ఫొటోసింథసిస్ దగ్గర మొదలుపెడుతుంది. మొదటి ఏడాది సగం పదాలు నేర్చుకోవడానికే సరిపోతుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలకు రెండేళ్లు దొరికితే ఈమెకు దొరికింది ఏడాదిన్నర. ఇలాంటి పిల్లకు ఇంకో ఏడాది ఇవ్వడం ఆమెకు తక్కువైన ఆరు నెలలను తిరిగి ఇవ్వడమే. మొదటిసారి వచ్చిన మార్కులతో ఆమె తెలివిని కొలవకూడదు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది కదా అని కొందరు అడుగుతారు. ఉంటుంది, ఇంగ్లిషుతో పాటు పక్కనే. కానీ ఆ పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఠాణే కేంద్రంలో రాసేవారికి దొరకదు. రెండేళ్లు ఇంగ్లిషులో చదివాక పరీక్ష కోసం తెలుగుకు మళ్లడం కూడా అంత లాభం కాదు.

పోయినేటి మార్కులు పట్టుకుని "ఇంకో యాభై వస్తే సీటే" అని లెక్కలు వేయకండి. 2024లో 720కి 650 దాటినవారు దాదాపు 30 వేల మంది. 2025లో పేపరు కఠినంగా వచ్చింది, 650 దాటినవారు వంద మంది కూడా లేరు. 600 పైన చూసుకున్నా 1,300 చిల్లర మందే. ర్యాంకు ఎక్కడుంది, ఆ ర్యాంకుకు మన కేటగిరీలో ఏ సీటు వచ్చింది అన్నదే చూడాలి. రెండేళ్లు కష్టపడి చదివి, ఆరోగ్యం బాగుండి, పరీక్ష సాఫీగా రాసి కూడా ర్యాంకు చాలా దూరంలో ఉంటే మూడో ఏడాది అద్భుతం చేస్తుందని ఆశపెట్టుకోవద్దు. వయోపరిమితిని 2022లో ఎత్తేశారు, ఎన్నిసార్లైనా రాయవచ్చు. రాయవచ్చు కదా అని రాస్తూ పోవడం మంచిది కాదు. ఒక్క లాంగ్‌టర్మ్ చాలు. రెండోది ఎప్పుడో గానీ పనికిరాదు.

ఆ ఒక్క ఏడాది ఖరీదు కోచింగ్ ఫీజుతో తీరదు. సాంచెల మీద బతికే ఇంట్లో పద్దెనిమిదేళ్ల కొడుకు సంపాదించని ఏడాది అది. గిరాకీ లేక కార్ఖానాలు మూతపడితే పగారే ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లు లేక లారీలెక్కి, నడిచి ఊళ్లకు చేరినవారు ఆ సంగతి మరిచిపోలేదు. కొడుకు ఇంట్లో కూర్చుంటే "చదువుకుంటున్నాడు" అంటారు. కూతురు కూర్చుంటే సంబంధాలు రావడం మొదలవుతాయి. "ఏడాది ఆగుతాం" అని ఒప్పుకునే తల్లిదండ్రులు ఆ ఏడాదంతా పెళ్లి మాట ఎత్తబోమని కూడా అనాలి. లేకపోతే పిల్ల పుస్తకం తెరిచి బయటి గదిలో మాటలు వింటూ ఉంటుంది.

మన తెలుగు కుటుంబాలను కాగితాలు కూడా దెబ్బతీస్తాయి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన ఒక తెలుగు విద్యార్థి, ఆంధ్రప్రదేశ్‌లో తమది షెడ్యూల్డ్ తెగ కాబట్టి ఇక్కడి వైద్య కళాశాలలో ఆ కోటా కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1990లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లినవారి వెంట ఇంకో రాష్ట్రానికి రాదని తీర్పు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు వర్సెస్ సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీ అని న్యాయ గ్రంథాల్లో నిలిచిపోయిన కేసు అది. మహారాష్ట్రలో ఓబీసీ ధ్రువపత్రం కావాలంటే కుటుంబం 1967 అక్టోబర్ 13 నాటికే ఈ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారాలు చూపాలి. తాతలు ఆనాటికే భివండీ చేరి ఉంటే ఒక దారి, తండ్రి తర్వాత వచ్చి ఉంటే ఇంకో దారి. ధ్రువపత్రం ఒక్కటే చాలదు, దాన్ని పరిశీలించి కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ పత్రం కూడా ఉండాలి. అది చేతికి రాక రిజర్వుడు సీటు పోగొట్టుకున్నవారు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఆ పత్రం సంగతి తేల్చుకోవాలి. లేదంటే మరుసటి ఏడాదీ అదే గోడకు తల తగులుతుంది.

పదో తరగతి కాగానే "హైదరాబాద్‌లో ఇంటర్ బాగుంటుంది, మామయ్య ఇంట్లో ఉంటాడు" అని పంపేవారు ఇంకో మాట వినాలి. మహారాష్ట్ర రాష్ట్ర కోటాకు పది, పన్నెండు రెండూ ఇక్కడే పాసై ఉండాలి. తెలంగాణ 2024లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు అక్కడ చదివినవారే స్థానికులని నియమం పెట్టింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బడి భివండీలో, ఇంటర్ హైదరాబాద్‌లో అయితే అక్కడా కాదు, ఇక్కడా కాదు, రెంటికీ చెడ్డ రేవడి. ప్రభుత్వ కాలేజీల్లో మిగిలేది 15 శాతం అఖిల భారత కోటాయే. పన్నెండో తరగతి ఇక్కడే పాసయ్యాక లాంగ్‌టర్మ్ కోసం హైదరాబాద్ వెళ్లినా, లాతూర్ వెళ్లినా చిక్కు లేదు.

ఏడాది వృథా అయితే జీవితం పోయినట్టేనని భయపడే పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పండి. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నారని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఆ తక్కువ పట్టాతోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో అమెరికా చేరారు. క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ వెనుక ఆయన నడిపిన పరిశోధన ఉంది. ఒకచోట పట్టుబట్టి మళ్లీ రాశారు, ఇంకోచోట వచ్చినదాన్నే తీసుకుని ముందుకు నడిచారు.

ఉపాధ్యాయులకు ఒక పని. ఎనిమిదో తరగతిలోనే పిల్లల దాఖలా రిజిస్టరు తీసి ఇంటిపేరు, కులం నమోదు, పుట్టిన ఊరు తండ్రి, తాతల కాగితాలతో సరిపోతున్నాయో లేదో చూడండి. తాతగారి బడి రికార్డు నిజాం కాలంలో ఉర్దూలో ఉండొచ్చు, మనది తెలుగులో, తహసీల్ కచేరీలో మరాఠీలో. మూడు లిపుల మధ్య ఒక అక్షరం తేడా వస్తే వ్యాలిడిటీ కమిటీ దగ్గర నెలలు గడుస్తాయి. ఆ తేడాను ఎనిమిదో తరగతిలోనే గుర్తిస్తే సవరించుకోవడానికి సమయం ఉంటుంది.