జెర్రిపోతు పిల్లల పెంపకం

జెర్రిపోతు పిల్లల పెంపకం అంటే విషం లేని జెర్రిపోతు పాముల పిల్లలను మనుష్యుల సంరక్షణలో పెంచడం. ఈ మాట కింద రెండు వేర్వేరు విషయాలు తరచుగా కలిసిపోతూ ఉంటాయి. మొదటిది భారతదేశంలో సహజంగా జీవించే జెర్రిపోతు. దీని శాస్త్రీయ నామం ప్ట్యాస్ మ్యూకోసా. దీనిని, దీని పిల్లలను ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం శిక్షార్హమైన నేరం. రెండవది ఉత్తర అమెరికాకు చెందిన పాంథెరోఫిస్ ప్రజాతి పాములు. వీటిలో కార్న్ స్నేక్ ముఖ్యమైనది. అక్కడ దీనిని పలువురు పెంపుడు జీవిగా పెంచుతారు. రెండింటికీ ఆంగ్లంలో "రాట్ స్నేక్" అనే పేరే వాడుకలో ఉండడం వల్ల, ఒకదానికి సంబంధించిన సలహాలను మరొకదానికి అన్వయించుకునే పొరపాటు జరుగుతూ ఉంటుంది.

జీవి పరిచయం

జెర్రిపోతు కొలుబ్రిడే కుటుంబానికి చెందిన పాము. దీనిని 1758లో లిన్నేయస్ మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలలో ఇది విస్తారంగా కనిపిస్తుంది. పెరిగిన పాము సాధారణంగా 1.5 నుండి 2 మీటర్ల పొడవు ఉంటుంది. అంతకంటె పొడవైనవి కూడా కలవు. శరీరం సన్నగా, బలంగా ఉంటుంది. రంగు గోధుమ, ఆకుపచ్చ కలిసిన పసుపు, బూడిద, నలుపు ఛాయలలో ఉండవచ్చు. కళ్ళు పెద్దవి, కంటిపాప గుండ్రనిది. పెదవుల పొలుసుల అంచుల వెంట నల్లని గీతలు కనిపిస్తాయి.

ఇది పగటిపూట తిరిగే పాము. చాలా వేగంగా పాకుతుంది, చెట్లెక్కుతుంది, ఈదుతుంది. ఎలుకలు, కప్పలు, బల్లులు, తొండలు, పక్షులు దీని ఆహారం. దీనికి విషం లేదు. కొండచిలువ వలె ఎరను చుట్టి బిగించి చంపదు. దవడలతో గట్టిగా పట్టుకొని, శరీర భారంతో నేలకు అదిమి మింగుతుంది. భయపడినపుడు మెడను ఉబ్బించి, గుర్రుమనే శబ్దం చేస్తుంది. తప్పించుకునే దారి లేకపోతే కరుస్తుంది.

పేరు, నమ్మకాలు

తెలుగులో జెర్రి అంటే శతపాది, పోతు అంటే మగ జంతువు. పేరులో పోతు ఉన్నప్పటికీ ఈ జాతిలో ఆడ, మగ రెండూ ఉన్నాయి. జెర్రిపోతు మగదని, నాగుపాము దానికి జోడీ అని, రెండూ సయ్యాటలాడుతాయని తెలుగునాట ఒక నమ్మకం ఉంది. ఇది నిజం కాదు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి, వాటి మధ్య సంపర్కం జరగదు. పైగా నాగుపాము అవకాశం దొరికితే జెర్రిపోతును తింటుంది. రెండు పాములు పెనవేసుకొని పైకి లేచే దృశ్యం చాలా సందర్భాలలో రెండు మగ జెర్రిపోతుల మధ్య జరిగే బలపరీక్ష. ఇందులో ఒకటి మరొకదానిని నేలకు వంచడానికి ప్రయత్నిస్తుంది. ఓడినది తొలగిపోతుంది.

ఆంధ్రదేశపు పాములను గురించిన తొలి శాస్త్రీయ గ్రంథాలలో ఒకటి ప్యాట్రిక్ రస్సెల్ రచించినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి విశాఖపట్నంలో పనిచేసిన ఈ వైద్యుడు కోరమండల్ తీరపు పాములపై 1796లో చిత్రసహితంగా గ్రంథాన్ని ప్రచురించాడు. పాములకు స్థానికంగా ఉన్న పేర్లను అందులో నమోదు చేశాడు. ఏది విషపుదో ఏది కాదో జనులు గుర్తించగలగాలన్నది ఆ కృషి లక్ష్యాలలో ఒకటి. ఆ అవసరం నేటికీ తీరలేదు.

సుల్తాన్ బజార్ పరిసరాలు

హైదరాబాదులోని సుల్తాన్ బజార్ పూర్వం రెసిడెన్సీ బజార్లలో భాగం. బ్రిటిష్ రెసిడెన్సీ అధీనంలో ఉన్న ఈ బజార్లు 1933లో తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించబడ్డాయి. రెసిడెన్సీ భవనం 1803-1806 ప్రాంతంలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో నిర్మించబడింది. అనంతర కాలంలో అది కోఠి మహిళా కళాశాలకు నిలయమైంది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం (స్థాపన 1901) కూడా ఈ పేటలోనే ఉంది.

నగరం నడిబొడ్డున పాములేమిటన్న సందేహం సహజం. జెర్రిపోతు అడవికే పరిమితమైన జీవి కాదు. ఎలుకలు, దాగడానికి చోటు, కొంత నీరు ఉంటే మనుష్యుల మధ్యనే బ్రతుకుతుంది. పాత రాతిగోడల సందులు, చెట్లున్న విశాలమైన ఆవరణలు, మురుగు కాలువలు, వాడుకలో లేని బావులు, కూరగాయల అంగళ్ళ వెనుక పేరుకున్న చెత్త, దానిని ఆశించి చేరే ఎలుకలు, దక్షిణాన కొద్ది దూరంలో మూసీ నది. ఇటువంటి పరిస్థితులు దానికి అనుకూలం. ఎక్కడ ఎలుకలు పెరుగుతాయో అక్కడికి జెర్రిపోతు చేరుతుంది. పాత ఇంటిని పడగొట్టేటపుడు లేదా పునాది తవ్వేటపుడు గుడ్లు, పిల్లలు బయటపడే అవకాశం ఉంటుంది.

గుడ్లు, పిల్లలు

ఆడ జెర్రిపోతు ఎలుక బొరియలు, పుట్టలు, చెట్ల తొర్రలు, గోడల సందులలో గుడ్లు పెడుతుంది. సాధారణంగా ఒక్కొక్క విడతలో 6 నుండి 16 వరకు ఉంటాయి. గుడ్డు పెంకు కోడిగుడ్డు వలె పెళుసుగా ఉండదు, తోలు వలె మెత్తగా ఉంటుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. ముక్కు కొనన ఉండే చిన్న గుడ్డుపన్నుతో పెంకును చీల్చుకొని తల బయటపెట్టి, లోపల మిగిలిన సొనను పీల్చుకుంటూ కొన్ని గంటలు, ఒక్కొక్కసారి ఒకటి రెండు రోజులు అక్కడే ఉంటాయి. ఆ సమయంలో వాటిని లాగకూడదు.

అప్పుడే పుట్టిన పిల్ల ఇంచుమించు 35 నుండి 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. శరీరం ముందు భాగంలో లేత రంగు అడ్డపట్టీలు ఉంటాయి. తల్లి పిల్లలకు ఆహారం తేదు, వాటిని పెంచదు. పుట్టిన నాటి నుండి ప్రతి పిల్లా స్వతంత్రంగానే వేటాడి బ్రతుకుతుంది. కాబట్టి తల్లి లేని పాముపిల్ల అనాథ అని జాలిపడి ఇంటికి తెచ్చుకోవడానికి కారణమేమీ లేదు.

పిల్లలను గుర్తించడంలో ప్రమాదం

పెంపకం విషయంలో అన్నిటికంటె పెద్ద ప్రమాదం పొరపాటు గుర్తింపు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి పిల్లలకు పుట్టుకతోనే విషం, కోరలు ఉంటాయి. జెర్రిపోతు పిల్ల అని భావించి నాగుపాము పిల్లను చేత పట్టుకొంటే ప్రాణం పోవచ్చు. కింది లక్షణాలు కొంత ఉపకరిస్తాయి:

* జెర్రిపోతు పిల్ల: తలతో పోలిస్తే కళ్ళు చాలా పెద్దవి. మెడ సన్నగా ఉండి తల స్పష్టంగా వేరుపడుతుంది. పడగ ఉండదు.
* నాగుపాము పిల్ల: బెదిరినపుడు పడగ విప్పుతుంది. చాలా వాటిలో మెడ కింది భాగాన నల్లని పట్టీ ఉంటుంది. కాని నెమ్మదిగా పాకుతున్నపుడు పడగ ముడుచుకొని ఉంటుంది కనుక పడగ కనిపించలేదని ధైర్యపడరాదు.
* కట్లపాము పిల్ల: నిగనిగలాడే నల్లని శరీరంపై తెల్లని సన్నని పట్టీలు ఉంటాయి. రాత్రివేళ తిరుగుతుంది. కాటు నొప్పి అంతగా తెలియదు.

ఈ లక్షణాలు దూరం నుండి చూసి తెలుసుకోవడానికే గాని, చేతిలోకి తీసుకొని పరీక్షించడానికి కావు. పాము కరిచినపుడు కాటును కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టు కట్టడం, మంత్రాలకై తిరగడం హానికరం. కరచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. భారతదేశంలో లభించే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు జాతుల విషంపై పనిచేస్తుంది.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద జెర్రిపోతు చాలా కాలం రెండవ షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రావడంతో మొదటి షెడ్యూలులో చేరింది. ఈ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, సరీసృపాల గుడ్లను పాడుచేయడం కూడా వేటయే. మొదటి షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా విధించవచ్చు. ఆత్మరక్షణ కొరకు సద్బుద్ధితో చంపవలసి వస్తే అది నేరం కాదని కూడా చట్టం చెబుతుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో కూడా ఈ పాము ఉంది.

ఇంతటి రక్షణకు చారిత్రక కారణం ఉంది. ఇరవయ్యవ శతాబ్దంలో చేతిసంచులు, చెప్పులు, పట్టీల కొరకు పాము చర్మాల వ్యాపారం విపరీతంగా సాగింది. పొడవైన చర్మం కల జెర్రిపోతు అందులో ఎక్కువగా నష్టపోయిన జాతులలో ఒకటి. 1976లో చర్మాల ఎగుమతిని నిషేధించారు. అంతకు ముందు పాములను పట్టి జీవించిన ఇరులల కొరకు 1978లో తమిళనాడులో సహకార సంఘం ఏర్పడింది. పామును చంపకుండా విషాన్ని సేకరించి, మందు తయారీకి అందించడం దాని పని.

ఇంట్లో పెంచడంలో చిక్కులు

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా జెర్రిపోతు పెంపకానికి అనువైన పాము కాదు. ఇది చురుకైన, బెదురు స్వభావం కల జీవి. గాజుపెట్టెలో ఉంచితే బయటపడే ప్రయత్నంలో ముక్కును పదే పదే గోడకు కొట్టుకొని గాయపరచుకుంటుంది. ఆ గాయం చీముపట్టి ఆహారం మానేస్తుంది. పిల్లలు ఎక్కువగా చిన్న కప్పలను, బల్లులను తింటాయి. చచ్చిన ఎలుకపిల్లలను అన్నీ ముట్టవు. బయటి నుండి తెచ్చిన కప్పల ద్వారా పరాన్నజీవులు చేరుతాయి. రెండు పిల్లలను ఒకేచోట ఉంచితే ఒకే ఎర కొరకు పోరాడి ఒకదానినొకటి గాయపరచుకోవచ్చు.

పాలు పోయడం మరొక అపకారం. పాము పాలు తాగే జీవి కాదు, పాలను జీర్ణం చేసుకోలేదు. నాగపంచమి, నాగుల చవితి రోజులకు ముందు పాములవాళ్ళు పాములను నీరు లేకుండా మాడుస్తారు. దాహంతో ఉన్న పాము ఏ ద్రవం దొరికినా మింగుతుంది. దానినే భక్తులు పాలు తాగిందని భావిస్తారు. నోరు కుట్టిన, కోరలు పీకిన పాములు పండుగ తరువాత ఎక్కువ కాలం బ్రతకవు.

సంరక్షణ కేంద్రాలలో

గుడ్లు బయటపడి తిరిగి అక్కడే ఉంచడానికి వీలులేనపుడు అటవీశాఖ అనుమతి గల సంరక్షకులు వాటిని పొదిగిస్తారు. తీసేటపుడు గుడ్డు పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టి, తిరగబడకుండా అదే స్థితిలో తేమగల మట్టిలోనో ఇసుకలోనో ఉంచుతారు. పిండం లోపల ఒక పక్కకు అంటుకొని పెరుగుతుంది కనుక గుడ్డును తిప్పితే అది చనిపోవచ్చు. పుట్టిన పిల్లలను పెంచి పెద్ద చేయరు. కుబుసం విడిచే వరకు ఉంచి, తగిన ప్రదేశంలో వదిలివేస్తారు. మనిషికి అలవాటు కాకుండా ఉండడమే వాటి బ్రతుకుకు క్షేమం.

హైదరాబాదులో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇళ్ళలో, కార్యాలయాలలో చేరిన పాములను పట్టి సురక్షిత ప్రాంతాలకు చేర్చే పని స్వచ్ఛందంగా చేస్తున్నది. పాముల గురించి పాఠశాలలలో అవగాహన కల్పిస్తున్నది. పాములను దగ్గరగా చూడాలనుకునే విద్యార్థులకు 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల తగిన చోటు.

ఇతర దేశాలలో పెంపకం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలోనో స్నేహితుల ఇళ్ళలోనో కార్న్ స్నేక్‌ను చూసి కావాలని అడగడం వింత కాదు. ఇది తరతరాలుగా బందిఖానాలోనే పుట్టి పెరుగుతున్న నెమ్మదైన పాము. అడవి నుండి పట్టినది కాక పెంపకంలో పుట్టిన పిల్లనే తీసుకోవాలి. చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. హవాయి రాష్ట్రంలో పాములను పెంచడం పూర్తిగా నిషిద్ధం. అక్కడ పాటించే పద్ధతులు క్లుప్తంగా ఇవి:

* పెట్టె: పిల్లకు చిన్న పెట్టె చాలు. మరీ పెద్దదైతే బెదిరి ఆహారం మానేస్తుంది. మూత గట్టిగా బిగియాలి. వేలు పట్టని సందులోంచి కూడా పిల్ల జారిపోతుంది.
* వేడిమి: ఒక వైపు 29-31 డిగ్రీల సెల్సియస్, మరొక వైపు 24 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. రెండు వైపులా దాగడానికి చోటు, ఒక నీటి గిన్నె అవసరం.
* ఆహారం: పుట్టిన వారం పది రోజులకు మొదటి కుబుసం విడిచిన తరువాత, వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్లను 5-7 రోజులకొకటి ఇవ్వాలి. ఎర పాము నడుము లావుకు మించరాదు. తిన్న తరువాత రెండు రోజులు చేత పట్టుకోరాదు.
* శుభ్రత: సరీసృపాల వల్ల సాల్మొనెల్లా సోకవచ్చు. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పెంచడం మంచిది కాదు.
* ఆయుష్షు: 15 నుండి 20 సంవత్సరాలు. పదేళ్ళ బాలుడు తెచ్చుకున్న పాము అతని ఉద్యోగకాలం వరకు ఉంటుంది. తరువాత దాని బాధ్యత ఎవరిదన్నది ముందే ఆలోచించాలి.

విసుగు పుట్టి బయట వదిలివేయడం స్థానిక జీవులకు, ఆ పాముకు కూడా హాని చేస్తుంది.

గుడ్లు లేదా పిల్లలు కనిపించినపుడు

* దగ్గరకు పోకుండా, పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచాలి.
* కర్రతో కదిలించడం, నీళ్ళు, కిరోసిన్ పోయడం చేయరాదు.
* దూరం నుండి కనిపెడుతూ అటవీశాఖకు లేదా అనుమతి గల సంరక్షకులకు తెలియజేయాలి.
* పాము తిరిగి రాకుండా ఉండాలంటే చెత్త, ధాన్యపు గింజలు లేకుండా చూసి ఎలుకలను తగ్గించాలి. గోడల రంధ్రాలు, మురుగు గొట్టాల నోళ్ళు మూయాలి.

జెర్రిపోతును చంపిన చోట ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల వెంట నాగుపాము కూడా రావచ్చు. అందువల్ల రైతులు పలుచోట్ల దీనిని పొలానికి మేలు చేసే పాముగా భావిస్తారు. పట్టణంలోనూ అది చేసే పని అదే. దానిని పెట్టెలో పెంచనక్కరలేదు, దాని దారిన దానిని పోనిస్తే చాలును.

ఇవి కూడా చూడండి

* నాగుపాము
* కట్లపాము
* రక్తపింజరి
* సుల్తాన్ బజార్