అమానతుగా వచ్చిన ఆట: రహీం సాబ్ నుంచి మన పిల్లల దాకా

ఎవరైనా బాగా ఆడితే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "వాడికి అల్లాహ్ ఇచ్చాడు." ఈ మాటలో తప్పేమీ లేదు. పరుగెత్తే కాలు, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే కన్ను, అలసటను తట్టుకునే ఊపిరి అన్నీ ఆయన అనుగ్రహాలే. అయితే ఈ మాటను మనం రెండు చోట్ల వాడుతున్నాం. ఆట వచ్చిన పిల్లవాడు ఇదే మాట చెప్పుకుని సాధన మానేస్తున్నాడు. ఆట సరిగా రాని పిల్లవాడి తండ్రి ఇదే మాట చెప్పి కొడుకును మైదానం నుంచి ఇంటికి తీసుకుపోతున్నాడు. ఈ మధ్య మూడో వాదం ఒకటి బయలుదేరింది. పుట్టుకతో వచ్చేది ఏమీ లేదు, జిమ్‌లో ఇనుము ఎత్తితే చాలు, ఎవరైనా ఆటగాడు కావచ్చునని యువకులు నమ్ముతున్నారు.

ఫుట్‌బాల్ విషయంలో ఈ మూడింటిలో దేనికెంత వాటా ఉందో తెలుసుకోవడానికి యూరప్ దాకా పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఒక బడిపంతులు దీన్ని ఆచరణలో తేల్చి చూపాడు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తరువాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇటీవల వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల ఆయన పేరు మళ్లీ వినపడుతోంది. వృత్తిరీత్యా ఆయన టీచరన్న సంగతి మాత్రం చాలామంది ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

రహీం సాబ్ హైదరాబాదులో కొన్ని వింత పోటీలు పెట్టించారు. ఒక పోటీలో బంతిని కాలితో తిప్పుకుంటూ ముందుకు పోవడం నిషేధం. అందిన వెంటనే సహచరుడికి అందించాలి. మరో పోటీలో చేవ తక్కువ ఉన్న కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలివాటం వాడు కుడికాలితో. ఒక్కసారి ఆలోచించండి. ప్రతిభ గల కుర్రవాడి అహంకారం అతడి డ్రిబ్లింగ్‌లో ఉంటుంది, అతడి సోమరితనం వాడని కాలిలో దాగి ఉంటుంది. ఈ రెండు పోటీలూ సరిగ్గా ఆ రెండు చోట్లే దెబ్బ కొట్టాయి. ఏ విద్యార్థికి ఏది సులువుగా వస్తుందో కనిపెట్టి, దాన్ని కాసేపు పక్కన పెట్టించి, రానిదాన్ని చేయించడం నిజమైన ఉస్తాదు లక్షణం.

ఖురాన్ కంఠస్థం చేయించే మదరసాల్లోనూ ఇదే అనుభవం. హిఫ్జ్ తరగతిలో ప్రతి విద్యార్థికీ రోజుకు మూడు పనులుంటాయి. కొత్త పాఠం సబక్, ఇటీవలి పాఠాల మననం సబకీ, పాత భాగాల పునశ్చరణ మంజిల్. జ్ఞాపకశక్తి మెండుగా ఉన్న పిల్లవాడు సబక్‌ను అరగంటలో అప్పజెప్పి ఆటకు పోతాడు. మంజిల్ అంటే వాడికి విసుగు. రెండేళ్లు గడిచేసరికి, మెల్లగా నేర్చి ప్రతిరోజూ తిరగేసుకున్న పక్క పిల్లవాడు తరావీహ్‌లో నిలబడి తడబడకుండా పారాయణం చేస్తుంటాడు. చురుకైనవాడు అయిదో పారా దగ్గరే ఆగిపోతాడు. కంఠస్థమైన ఖురాన్‌ను కనిపెట్టి ఉండకపోతే కట్టు తెంచుకున్న ఒంటెకన్నా త్వరగా చేజారుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కాలిలోని ఆటకూ ఈ పోలిక వర్తిస్తుందనడం అతిశయోక్తి కాదు.

అలాగని ప్రతిభ అనేదే లేదని రహీం సాబ్ ఎన్నడూ అనుకోలేదు. ఆయన దాన్ని వెతుక్కుంటూ పోయేవారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలోని పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌లో దాన్ని చూశారు. నగరానికి వచ్చి సాధన చేయమంటే రాకపోకలకు డబ్బు లేదన్నాడు ఆ కుర్రవాడు. సైకిల్ అద్దెకు రోజుకు ఒక రూపాయి ఇచ్చి రప్పించారు రహీం సాబ్. మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడి, జకార్తా స్వర్ణంలో పాలుపంచుకున్న బలరామ్ ఆ రూపాయి లేకపోతే అమ్ముగూడ దాటేవాడా? ప్రతిభ అల్లాహ్ ఇచ్చాడు సరే, ఆ సైకిల్ అద్దె ఇవ్వవలసిన బాధ్యత మాత్రం మనుషుల మీదే పెట్టాడు. మన ఊళ్లలో మసీదు కమిటీలు, కాస్త కలిగినవారు ఈ రూపాయి గురించి ఆలోచిస్తే బాగుండును.

ఇక మూడోది, శరీర బలం. ఇక్కడే మన ఆటగాళ్లు దెబ్బతిన్నారు. ఆ రోజుల్లో మన దేశంలో మ్యాచ్ 70 నిమిషాలే. ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడేది. 1952 హెల్సింకిలో మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. నాలుగేళ్ల తరువాత మెల్బోర్న్ సెమీఫైనల్లో అదే యుగోస్లావియాపై మొదటి గోలు మనదే. తరువాత కొద్ది నిమిషాల వ్యవధిలో ఆట తలకిందులై 4-1తో ముగిసింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌పై ఆధిక్యంలో ఉండి, చివరి పది నిమిషాల్లో సమం చేసుకున్నాం. ఈ మ్యాచ్‌లన్నింటికీ ఒకే కారణం అంటగట్టడం సరికాదు. అయినా 70 నిమిషాలకు అలవాటుపడిన ఊపిరి, కండరం 90 నిమిషాల పోటీలో ఎలా నిలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నైపుణ్యంలో వెనుకబడినవాళ్లు కారు మనవాళ్లు. ఒంటి సత్తువ తక్కువైన చోట ఆ నైపుణ్యానికి చోటు దొరకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా హైదరాబాదే ఇచ్చింది. 1949లో పుట్టిన ముహమ్మద్ హబీబ్‌ను కలకత్తా అభిమానులు 'బడే మియా' అని పిలిచేవారు. పెద్ద శరీరం ఉన్నవాడేమీ కాదు. ఉద్యోగాలు ఇస్తామని వచ్చినా ఒప్పుకోకుండా, ఫుట్‌బాలే తన పని అని నిలబడినవాడు. ఆటలో క్షణం ఆగకుండా పరుగెత్తడం, బంతి పోతే తానే వెంటపడి తెచ్చుకోవడం అతడి గుర్తు. సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో అతడున్నాడు. 1977 సెప్టెంబరులో పెలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో సమం చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. జన్మసిద్ధమైన ప్రతిభకు లోకమంతా చూపించే పేరు పెలే. అతడి ఎదుట ఆ రోజు మన బడే మియా తన పరుగుతో నిలబడ్డాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశాడు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

మరి బరువులెత్తడం సంగతేమిటి? ఆ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా వేములపల్లి చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి, ఆ వరి ఆడించే మిర్యాలగూడ రైస్ మిల్లులు అందరికీ తెలుసు. అలాంటి ఒక మిల్లులో హమాలీగా పనిచేసే సోదరుడొకరు ఒకరోజు అసర్ నమాజు తరువాత నా దగ్గర కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఫుట్‌బాల్ ఎంపికకు వెళ్లి తిరిగి వచ్చాడట. ఆట ఉంది, ఒళ్లు లేదన్నారట. "మౌలానా, జిమ్‌లో చేర్పించమని వాడు ఒకటే పోరు. ఫీజు, పొడి డబ్బాలు కలిపితే నా కూలీలో సగం పోతుంది. ఇది ఇస్రాఫ్ అవుతుందా, అవసరమా? మీరే చెప్పండి," అన్నాడు. తరువాత తనే నవ్వి, "నేను రోజంతా యాభై కిలోల బస్తాలు మోస్తాను. బరువెత్తితే ఆట వచ్చేటట్లయితే నేనే పెద్ద ఆటగాణ్ణి కావాలి కదా," అన్నాడు.

ఆ నవ్వులో పెద్ద శాస్త్రమే ఉంది. శరీరం ఏ పని చేయిస్తే ఆ పనికే గట్టిపడుతుంది. బస్తా మోసే నడుము బస్తాకే తయారవుతుంది. బంతి కోసం పది అడుగులు మెరుపులా పరుగెత్తి ఆగి తిరగడం వేరే పని. అంతేకాదు, హమాలీకి విశ్రాంతి దొరకదు. అందుకే నలభై దాటేసరికి నడుము, మోకాళ్లు అరిగిపోతాయి. కండరం బరువెత్తే సమయంలో పెరగదు, ఆ తరువాత తిండి, నిద్ర అందినప్పుడు పెరుగుతుంది. ఒక మ్యాచ్‌లో ఆటగాడు పది నుంచి పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. అతడికి వృథా కండ మోయవలసిన బరువే. వృత్తి క్రీడాకారులు వారంలో ఒకటి రెండు సార్లు బరువులెత్తేది అద్దంలో చూసుకోవడానికి కాదు. భుజం తగిలినా పడిపోకుండా ఉండటానికి, ఎత్తుకు ఎగరడానికి, అన్నింటికన్నా ముఖ్యంగా గాయాలు తగ్గడానికి. మోకాళ్లపై నిలబడి, స్నేహితుడు చీలమండలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలే వ్యాయామం ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. తొడ వెనుక కండరం చిట్లే గాయాలు దానివల్ల సుమారు సగం తగ్గినట్లు పరిశోధనలు తేల్చాయి.

ఒళ్లు లేదని వెనక్కి పంపినవారంతా ఆగిపోలేదు. ఎంగోలో కాంటే పొట్టివాడని చిన్నప్పుడు అకాడమీలు తీసుకోలేదు. ఫ్రాన్స్ మూడో శ్రేణి పోటీల్లో ఆడుతూ వచ్చి 2018లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నిలిచాడు. ఈజిప్టు పల్లెకు చెందిన ముహమ్మద్ సలాహ్ శిక్షణ కోసం బస్సులు మారుతూ గంటల తరబడి కైరోకు ప్రయాణం చేసేవాడు. చెల్సీలో అవకాశాలు దక్కక బయటికి వచ్చాడు. ఒంటిని గట్టిపరచుకుని, 2017-18లో లివర్‌పూల్ తరఫున ఒకే లీగ్ సీజనులో 32 గోళ్లు కొట్టాడు. అతడి ఎడమ కాలి నేర్పు మొదటినుంచీ ఉన్నదే. అది బయటపడటానికి కావలసిన శరీరం తరువాత వచ్చింది.

మన ధర్మం బలాన్ని చిన్నచూపు చూడలేదు. విశ్వాసులందరిలోనూ మేలున్నా, బలహీనుడికన్నా బలవంతుడు అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడన్న భావం సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. మక్కాలో పేరుమోసిన మల్లుడు రుకానాను దైవప్రవక్త (స) కుస్తీలో పడగొట్టినట్లు ఉల్లేఖనం ఉంది (దాని సనదుపై హదీసువేత్తలు చర్చించారు, అది వేరే సంగతి). హజ్రత్ ఆయిషా (ర)తో ఆయన పరుగు పందెం వేసిన విషయం ప్రసిద్ధమే. కాబట్టి వ్యాయామం మగపిల్లల సొత్తు అనుకునే తల్లిదండ్రులు కాస్త ఆగి ఆలోచించాలి. నాకు అన్నింటికన్నా దగ్గరగా తోచేది సూరె ఖసస్‌లోని ఘట్టం. మద్యన్ బావి దగ్గర తమ పశువులకు నీళ్లు తోడిపెట్టిన మూసా (అ)ను పనిలో పెట్టుకోమని ఆ అమ్మాయి తండ్రికి సిఫారసు చేస్తూ రెండే గుణాలు చెబుతుంది: ఖవీ, అమీన్. అంటే బలం గలవాడు, నమ్మదగినవాడు. ఆ రెండో గుణం లేని బలం ఎక్కడికి పోతుందో మన పట్టణాల జిమ్‌లలో కనబడుతూనే ఉంది. కండ త్వరగా రావాలని స్టెరాయిడ్ సూదులు వేయించుకునే యువకులున్నారు. అవి గుండెను, కాలేయాన్ని, సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. పోటీల్లో దొరికితే నిషేధం. చేజేతులా శరీరాన్ని నాశనం చేసుకోవడం, ఎదుటి ఆటగాణ్ణి మోసగించడం రెండూ హరామే. ఆట పేరిట ఫోనుల్లో సాగే పందేల సంగతి చెప్పనే అక్కరలేదు. సతర్ గురించి అడిగేవారికి ఒక మాట: నిక్కరు కింద మోకాలు దాటే బిగుతు లాగు వేసుకుని పైన వదులైన నిక్కరు తొడుక్కోవడానికి ఇప్పుడు మైదానాల్లో ఎవరూ అభ్యంతరపెట్టడం లేదు.

ఆ హమాలీ సోదరుడికి నేను చెప్పిన జవాబు ఇది. కొడుకు ఒళ్లు పెంచుకోవాలనుకోవడం ఇస్రాఫ్ కాదు, పొడి డబ్బాలు కొనడం మాత్రం ఇప్పుడు అనవసరం. సరైన శిక్షకుడి కనుసన్నల్లో చేస్తే ఈ వయసులో వ్యాయామం ఎదుగుదలను ఆపదు. శిక్షకుడు లేని చోట ఇనుము ముట్టుకోకూడదు. ముందు తన ఒంటి బరువుతోనే బైఠకులు, దండీలు, ఒంటికాలిపై కూర్చుని లేవడం, ఇందాక చెప్పిన మోకాళ్ల వ్యాయామం. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు విడుపు. కొద్దిదైనా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రియమైనదని మన ప్రవక్త (స) నేర్పారు కదా, సంఖ్య పెంచడం వారానికి రెండు చొప్పున చాలు. ఇషా తరువాత ఫోను తండ్రి దగ్గర ఉండాలి, ఫజ్ర్‌కు తండ్రీకొడుకులు కలిసి మసీదుకు రావాలి. చదువు మానడం అనే మాటే ఎత్తకూడదు. రహీం సాబ్ పద్ధతిలో రోజూ అరగంట ఎడమకాలితోనే గోడకు బంతి కొట్టాలి.

జిమ్‌కు కట్టాలనుకున్న డబ్బులో కొంత ఇప్పుడు గుడ్లకు, పాలకు, పల్లీలకు పోతోంది. ఆ అబ్బాయి అసర్, మగ్రిబ్ నమాజుల మధ్య మిల్లు గోదాము వెనుక గోడ దగ్గర ఉంటాడు. ఎడమకాలితో కొట్టిన బంతి ఇంకా చాలాసార్లు పక్క పొలంలోకే పోతోంది. వచ్చే ఎంపికకు ఎనిమిది నెలల గడువుంది.