స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఓ చిన్న ఆట!

పొద్దున్న తొమ్మిదింబావుకి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో నిలబడి చూడండి. ఎక్కేవాళ్లందరి చేతుల్లోనూ ఫోన్లే! ఒకరికి పాట, ఒకరికి రీలు, ఇంకొకరికి ఆఫీసు మెసేజీ. వాళ్ల మధ్య అరచేతిలో పట్టే ఓ చిన్న పెట్టె తెరుచుకుని, పైనుంచి పడే దిమ్మెలతో కుస్తీ పడుతున్న ఆసామీ ఎవరైనా కనిపిస్తే... సందేహం లేదు, అది నేనే!

"ఏందన్నా, ఈ వయసుల వీడియో గేములా?" అని మొన్న ఓ కాలేజీ కుర్రాడు అడగనే అడిగాడు. నిజమే మరి. ముప్ఫై దాటినవాణ్ణి. సినిమావాళ్ల చుట్టూ తిరిగి నాలుగు ముక్కలు రాసుకుని బతికేవాణ్ణి. సిగ్గుపడాల్సిందే కాబోలు! కానీ పడలేదు. ఎందుకంటే ఈ చేతి ఆట పుట్టిందే రోజూ రైలెక్కే నాలాంటి జీవుల కోసం. ఆ కథ ఏ సినిమా కథకీ తీసిపోదు. వినండి.

రైల్లో క్యాలిక్యులేటరు

జపాన్‌లో క్యోటో నగరం. అక్కడ నింటెండో అనే కంపెనీ ఒకప్పుడు పేకముక్కలు తయారుచేసేది. 1965లో గున్‌పెయ్ యొకోయ్ అనే యువకుడు అందులో చేరాడు. పేకముక్కల యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం ఆయన డ్యూటీ. యంత్రాలు చక్కగా నడుస్తుంటే ఇంక ఆయనకి పనేముంటుంది? ఏమీ తోచక, దూరంగా ఉన్న వస్తువుని అందుకునే సాగుడు చెయ్యి బొమ్మ ఒకటి చేసుకుని ఆడుకుంటున్నాడు. అది కాస్తా కంపెనీ అధిపతి హిరోషి యమౌచి కంటపడింది!

అక్షింతలు పడాల్సిన చోట అదృష్టం పట్టింది. "దీన్నే అమ్మకానికి తయారుచెయ్యి" అన్నాడు అధిపతి. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో బజారుకెక్కిన ఆ బొమ్మ లక్షల్లో అమ్ముడుపోయింది.

కొన్నేళ్ల తరవాత ఈ యొకోయ్ గారే బులెట్ రైల్లో వెళ్తుంటే ఓ ఉద్యోగి కనిపించాడట. పాపం, ఆయనకీ పొద్దుపోవడం లేదు. జేబులోంచి క్యాలిక్యులేటరు తీసి ఊరికే మీటలు నొక్కుకుంటున్నాడు. అంతే! యొకోయ్ బుర్రలో బల్బు వెలిగింది. 1980 ఏప్రిల్ 28న 'గేమ్ అండ్ వాచ్' వరసలో మొదటి ఆట 'బాల్' విడుదలయింది. వెల 5,800 యెన్లు. తెర క్యాలిక్యులేటర్లలో వాడే ఎల్‌సీడీ తెరే. కంపెనీల పోటీ పుణ్యమా అని అప్పటికది చవగ్గా దొరుకుతోంది. చొక్కా గుండీలంత సెల్లు, తెరమీద టైము చూసుకోవడానికి గడియారం. ఆ వరస మొత్తం మీద 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి.

ఖరీదైన కొత్త సరుకు వెంట పడకుండా, అందరికీ తెలిసిన పాత సరుకునే కొత్తగా వాడుకోవాలి. ఇదీ యొకోయ్ సూత్రం. మన నిర్మాతలు కూడా గోడమీద రాసి పెట్టుకోదగ్గ మాట!

రంగుల కాలంలో బ్లాక్ అండ్ వైట్ హిట్

1989 ఏప్రిల్ 21న ఆయన బృందమే 'గేమ్ బాయ్' తెచ్చింది. రంగుల్లేవు. పాచిరంగు తెరమీద నల్లటి బొమ్మలు. పోటీగా వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గియర్ రంగుల్లో మెరిసిపోయేవి. కానీ గేమ్ గియర్‌కి ఆరు పెన్సిలు సెల్లు వేస్తే మూడు నుంచి అయిదు గంటల్లో చల్లారిపోయేవి. గేమ్ బాయ్ నాలుగింటితో పది పదిహేను గంటలు నడిచేది. రోజూ రైలెక్కేవాడికి ఏది కావాలో వేరే చెప్పాలా? తరవాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలుపుకుని 11 కోట్ల 86 లక్షలకి పైగా అమ్ముడుపోయింది!

అమెరికాలో దానికి తోడుగా ఇచ్చిన ఆట టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్‌నోవ్ సృష్టించాడు. దాని హక్కుల కోసం జరిగిన లాగులాటే 2023లో 'టెట్రిస్' సినిమాగా వచ్చింది. టారన్ ఎగర్టన్ హీరో. దొరికితే చూడండి, గూఢచారి సినిమాలా పరుగెడుతుంది.

మన ఇళ్లకి ఆ గేమ్ బాయ్ పెద్దగా రాలేదు గానీ, దాని చవక చుట్టం వచ్చింది. 1990ల్లో పిల్లలుగా ఉన్నవాళ్లకి 'బ్రిక్ గేమ్' గుర్తుండే ఉంటుంది. మా నాన్న నాంపల్లి నుమాయిష్‌లో కొనిపెట్టాడు. పైన గొప్పగా 9999 ఆటలని రాసి ఉండేది. నిజానికి ఉన్నవి కొన్నే. మిగతావన్నీ వాటికే వేగం మార్చి వేసిన డబుల్, ట్రిపుల్ యాక్షన్ పాత్రలు! ఆ తరవాత 1997లో నోకియా ఫోన్లలో పాము ఆట వచ్చింది. సిటీ బస్సులో రాడ్డు పట్టుకు వేలాడుతూ ఒంటి బొటనవేలితో ఆడిన రోజులు నావి.

మూత మహిమ

ఇప్పుడు నా దగ్గరున్నది నింటెండో డీఎస్ లైట్. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు వాడి వాడి నాకు ఇచ్చేశాడు. 2004లో మొదలైన డీఎస్ వరస 15 కోట్లకి పైగా అమ్ముడయింది. దీని గొప్పతనమంతా మూతలో ఉంది. స్టేషను వచ్చిందా, మూత మూస్తే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది. సాయంత్రం తెరిస్తే అక్కణ్ణించే మొదలు. నాకు నచ్చినదీ ఇదే. ఫోనులో ఆడుతుంటే మధ్యలో ప్రకటన, ఆ పైన బాకీవాడి ఫోను. ఈ పెట్టెలో అవేమీ లేవు.

"పక్క మనిషితో సంబంధం తెగిపోదా?" అని మీరడగొచ్చు. జపాన్‌లో 2009లో 'డ్రాగన్ క్వెస్ట్ 9' వచ్చినప్పుడు ఓ చమత్కారం జరిగింది. దారిలో ఇద్దరు ఒకరినొకరు దాటుకుంటే చాలు, సంచుల్లో ఉన్న యంత్రాలే పలకరించుకుని సమాచారం ఇచ్చిపుచ్చుకునేవి. మనుషులు మాత్రం మొహాలు చూసుకోకుండానే వెళ్లిపోయేవారు! చదివి నవ్వుకున్నాను. కానీ నా సంగతీ అంతేనని తరవాత తెలిసొచ్చింది.

ఆ పుస్తకాలు నేను చూళ్లేదు

మా వైపు మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట పదమూడో స్టేషను. అక్కడ మారితే యూసఫ్‌గూడ. అక్కడ ఓ పెద్దాయన ఉండేవారు. థియేటర్ల ముందు చేత్తో బ్యానర్లు గీసిన తరం. ఆ రోజే ఇల్లు ఖాళీ చేసి బెంగుళూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. "పదింటికి రా బాబూ, పదిన్నరకి ఆటో వచ్చేస్తుంది" అన్నారు ఫోనులో.

ఆ పొద్దున్న నా దిమ్మెలు ఎన్నడూ లేనంత దూరం వెళ్లాయి. తలెత్తి చూస్తే మూసాపేట! అయిదు స్టేషన్లు దాటిపోయాను. వెనక్కి పరుగు. నేను వెళ్లేసరికి గేటు దగ్గర ఆటో, అందులో పెట్టెలు.

"ఏమయింది బాబూ, ట్రాఫిక్కా?"

అవునండీ అని నోటిదాకా వచ్చింది. "కాదండీ, ఆటలో పడి స్టేషను దాటిపోయాను" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నవ్వి, యంత్రం చేతిలోకి తీసుకుని మూత తెరిచీ మూసీ చూశారు. "నాదీ ఇదే వరస. షెడ్డుకి వెళ్లే బస్సులో ఎదుటి సీటువాళ్ల మొహాలు గీసేవాణ్ణి. స్టాపు వచ్చేసరికి ముక్కు దగ్గరో గడ్డం దగ్గరో ఆగిపోయేది. పెద్ద పెద్ద హీరోల మొహాలు వెయ్యడానికి చెయ్యి తిరిగింది అక్కడే."

"ఆ బొమ్మలు ఉన్నాయాండీ?"

"రెండు పుస్తకాలు. నీకు చూపిద్దామనే పైన పెట్టాను. ఇంక రావేమోనని పెట్టె అడుగున సర్దేశాం."

ఆటో కదిలింది. నేను రాయాల్సిన రెండు పేజీలు, ఫోనులో మాట్లాడింది కలిపి, బొమ్మ లేకుండా అర పేజీ అయింది. డబ్బూ ఆ లెక్కనే వచ్చింది. అది పోనీండి. కూతురి చేత ఫొటోలు తీయించి పంపిస్తానన్నారు. ఇంకా రాలేదు. గుర్తు చెయ్యడానికి నాకు మొహం చెల్లడం లేదు.

తప్పు యంత్రానిది అందామా? దానికి మూత ఉంది. మూయనివాణ్ణి నేను.

మీరూ ఆడేవాళ్లయితే మూడు మాటలు వినండి. శబ్దం కట్టెయ్యండి. పెద్దవాళ్లెవరైనా ఎక్కితే మూత మూసి సీటివ్వండి. దిగే స్టేషనుకి ఒక స్టేషను ముందే ఆపెయ్యండి. నా హద్దు పంజగుట్ట. అక్కణ్ణించి అమీర్‌పేట దాకా ఎదుటి సీట్లో ఎవరున్నారో చూస్తుంటాను.

అన్నట్టు, ఆ కాలేజీ కుర్రాడి సంగతి! "ఒకసారి ఇయ్యవా అన్నా" అని అడిగి తీసుకున్నాడు. అసెంబ్లీ దాటాం, లక్డీకాపూల్ దాటాం, ఖైరతాబాద్ దాటాం. వాడు తలెత్తలేదు. పంజగుట్టలో చెయ్యి చాపాను.

"ఒక్క నిమిషం అన్నా!"

ఆ ఒక్క నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు. నేనే చెయ్యి వేసి మూత మూసేశాను.