తొలి ఎత్తుల తెలివి

చదరంగంలో తెల్లపావులతో మొదటి ఎత్తు 20 రకాలుగా వేయవచ్చు. నల్లపావుల జవాబూ 20 రకాలే. అంటే చెరో ఎత్తుకే 400 దారులు; చెరి మూడు ఎత్తులు పూర్తయ్యేసరికి అవి 11.9 కోట్లు దాటుతాయి. ఇన్ని దారుల్లో లెక్క సాగదు గనుక మనిషి సూత్రాలను పట్టుకున్నాడు. మధ్య గళ్ల మీద పట్టు సాధించాలి, గుర్రాలనూ బిషప్‌లనూ త్వరగా బయటికి తీయాలి, కాస్లింగ్ చేసి రాజును భద్రపరచాలి. తరతరాల గెలుపోటముల్లోంచి పోగైన ఈ ఓపెనింగ్ (తొలి ఎత్తుల) జ్ఞానం కంప్యూటర్‌కు చాలాకాలం అరువు సొత్తే. 1997 మే 11న ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ మీద పోటీలో చివరి ఆట గెలిచిన కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. అయినా ఆ ఆటలో, కారో-కాన్ డిఫెన్స్‌కు ఎదురుగా, ఎనిమిదో ఎత్తున గుర్రాన్ని బలిచ్చింది గ్రాండ్‌మాస్టర్లు సిద్ధం చేసిన ఓపెనింగ్ బుక్‌ను అనుసరించే.

అయితే ఆ సూత్రాలు నిజంగా చదరంగపు సత్యాలా, మనిషి అలవాట్లా? దీనికి గట్టి సాక్ష్యం 2017లో దొరికింది. డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరోకు ఆట నియమాలు తప్ప మరేమీ నేర్పలేదు. తనతో తానే 4.4 కోట్ల ఆటలు ఆడుకున్న ఆ ప్రోగ్రామ్, మనుషులు ఏనాటి నుంచో ఆడుతున్న ఇంగ్లీష్ ఓపెనింగ్‌నూ క్వీన్స్ గాంబిట్‌నూ ఎవరూ చెప్పకుండానే చేరుకుంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌ను కొంతకాలం ఆడి విడిచిపెట్టింది. మన పెద్ద ఆటగాళ్లు కనిపెట్టినవాటిలో చాలా భాగం ఆ ఆటలోనే ఉందని, కొంత మాత్రం సవరణ కోరుతోందని దీన్నిబట్టి నమ్మవచ్చు.

అలాంటప్పుడు ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రామ్) చూపిన ఎత్తులు కంఠస్థం చేస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఎవరిది పైచేయో చెబుతూ ఇంజిన్ ఇచ్చే అంకె ఇరువైపులా తనంత బాగా ఆడేవారున్నారన్న లెక్క మీద నిలుస్తుంది. అది సున్నా, అంటే సమానం, అని చూపిన స్థితిలోనే ఒకరికి ఏ ఎత్తయినా సరిపోవచ్చు. రెండోవారిని కాపాడే ఎత్తు ఒక్కటే ఉండి, అదీ సులువుగా కనబడకపోవచ్చు. గడియారం నడుస్తుండగా దాన్ని వెతకాల్సింది మనిషి. అందుకే 2024 ప్రపంచ టైటిల్ పోరుకు భారత ఆటగాడు గుకేశ్ తయారైనప్పుడు, ఇంజిన్లు అందుబాటులో ఉన్నా, గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ వంటివారి సాయం తీసుకున్నాడు. ఏ ఎత్తు మంచిదో ఇంజిన్ చెబుతుంది. ఎదుటివారు ఎక్కడ తడబడతారో, తనవాడు ఎలాంటి స్థితిలో హాయిగా ఆడతాడో చెప్పాల్సింది సాటి ఆటగాడు. ప్రత్యర్థి దారి మార్చగానే కంఠస్థం చేసిన ఎత్తులు అయిపోతాయి. అవి ఎందుకు వేశామో తెలిసినవారు అక్కడి నుంచి సొంతంగా ఆడగలరు.