కాగితపు గరాటు గొంతు

స్పీకర్ ముందున్న జాలీ తీస్తే కనిపించేది గరాటులాంటి కాగితపు డొప్ప. దాన్ని కోన్ అంటారు. కోన్ వెనక అతుక్కుని సన్నటి రాగితీగ చుట్ట ఉంటుంది, అది వాయిస్ కాయిల్. ఆ చుట్ట ఒక అయస్కాంతపు ఇరుకు సందులో వేలాడుతుంది. తీగలో కరెంటు పారితే చుట్ట కదిలి కోన్‌ను తోస్తుంది, కోన్ గాలిని తోస్తుంది. టార్చి సెల్‌కు రెండు వైర్లు కలిపి స్పీకర్‌కు తాకించి చూస్తే సంగతి కళ్లకే తెలుస్తుంది: టప్పుమని కోన్ ముందుకు ఉబుకుతుంది, వైర్లు మార్చితే లోపలికి పోతుంది. ఇదే కదలిక సెకనుకు ఎన్నిసార్లో చెప్పే లెక్క హెర్ట్జ్. మనిషి చెవికి అందేవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌లు. జత స్పీకర్లలో ఒకదానికి ఎర్ర, నల్ల వైర్లు తారుమారైతే ఒకటి తోస్తున్నప్పుడు రెండోది లాగుతుంది, బేస్ పల్చబడిపోతుంది.

ఇలా కదిలే చుట్టకు వెర్నర్ సీమెన్స్ 1874లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ దాన్ని గట్టిగా పలికించగల ఆంప్లిఫయర్ అప్పటికి లేదు. 1898లో బ్రిటన్‌లో ఆలివర్ లాడ్జ్‌కు పేటెంట్ దక్కినా అదే కొరత. 1915లో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ ఈ చుట్టకు కొమ్ము బూరా తగిలించి మాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు పెద్ద గొంతు అని అర్థం. బూరా పని లేకుండా కోన్‌తోనే నేరుగా గాలిని కదిలించే స్పీకర్‌ను జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో వివరించారు. మరుసటి ఏడు అది రేడియోలా 104గా బజారుకొచ్చింది. అందులోని ఆంప్లిఫయర్ ఒక్క వాట్‌దే. ఇప్పటి స్పీకర్ల ఒడ్డూ పొడుగూ మారాయి గాని, లోపలి అమరిక చాలావరకు ఆనాటిదే.

కోన్ ముందుకు తోసినప్పుడు వెనకవైపు గాలి పల్చబడుతుంది. ముందూ వెనకా కలిసిపోతే బేస్ మాయమవుతుంది. పెట్టె అవసరం అందుకే. మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిన రోజుల్లో, 1954లో ఎడ్గర్ విల్చర్ పెట్టెను గాలి చొరబడకుండా మూసి, లోపలి గాలినే కోన్‌కు స్ప్రింగుగా వాడుకున్నాడు. చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ వచ్చింది. స్పీకర్ చరిత్రలో ఇంత అందమైన ఉపాయం మరొకటి లేదు.

లోతు స్వరాలకు ఎక్కువ గాలి కదలాలి, అందుకు వెడల్పాటి వూఫర్ కావాలి. కీచు స్వరాలకు చురుగ్గా కదిలే చిన్న ట్వీటర్ కావాలి. కుక్క మొరుగు, పిట్ట కూతలను అనుకరించే ఇంగ్లిష్ మాటల నుంచే ఈ పేర్లు పుట్టాయి. ఏ స్వరం ఎటు పోవాలో పంచేది క్రాసోవర్: అందులోని కెపాసిటర్ లోతు స్వరాలను ట్వీటర్‌కు వెళ్లకుండా ఆపుతుంది, తీగచుట్ట కీచు స్వరాలను వూఫర్‌కు వెళ్లకుండా ఆపుతుంది.

స్పీకర్ వెనక రాసి ఉండే 8 ఓమ్‌లు, 4 ఓమ్‌లు కరెంటుకు అది చూపే అడ్డు. ఓమ్‌లు తగ్గితే ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. తట్టుకోలేని ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది.

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది వాట్ల దగ్గర. స్పీకర్ మీది వాట్లు అది ఎంత కరెంటు ధాటిని ఓర్చుకోగలదో చెబుతాయి, ఎంత గట్టిగా పలుకుతుందో కాదు. అది చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 85 డెసిబెల్స్ స్పీకర్‌కు 40 వాట్లు ఇస్తే వచ్చే మోత, 91 డెసిబెల్స్ స్పీకర్‌కు 10 వాట్లతోనే వస్తుంది. అట్టపెట్టెల మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ అంకెను పక్కనపెట్టి ఆర్ఎంఎస్ వాట్లు చూడాలి, నిలకడగా అందే శక్తి అదే. ఆ శక్తిలోనూ మామూలు ఇంటి స్పీకర్ శబ్దంగా మార్చేది నూటికి ఒక వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మిగతాదంతా వాయిస్ కాయిల్‌లో వేడి అవుతుంది. హద్దు దాటితే తీగ మీది పూత కమిలిన వాసన వస్తుంది, కోన్ కదలడం మానేస్తుంది.